పంటు మీద వినిపించిన ‘ఆయ్’

ఈ రోజు నరసాపురంలో రెండు పూటలా ప్రసంగించి, గొంతు బొంగురుపోయి, గోదావరి దాటించే పంటు ఎక్కాను, సఖినేటిపల్లి రేవుకు. అలవాటు ప్రకారం సంచిలోంచి గ్రంథం తీసి నాలుగు మంచి మాటలు మొదలుపెడితే ఒక్కరూ తలెత్తలేదు. ఆడవాళ్లంతా ఒక ఫోను చుట్టూ మూగి ఉన్నారు.

“మాయలో మునిగిపోతున్నారమ్మా!” అని అరిచాను.

అప్పుడే ఫోనులో ఒక ముసలమ్మ, “ఏవమ్మా, పులుసులో ఉప్పు సరిపోయిందా?” అని అడిగింది. “ఆయ్, సరిపోయిందండీ!” అన్నారందరూ. నాకు కాదు, ఆవిడకి.

ఆ ఫోను సత్యవేణిది. ఉప్పలగుప్తంలో బట్టలు కుడుతూ, ఊళ్లోవాళ్లతోనే చిన్న సినిమాలు తీస్తుంది. ముసలమ్మ వేషం ఆమె అత్తగారిదే. చుట్టుపక్కల ఊళ్లలో ఆ సినిమాల కోసం కాచుకుని కూర్చునేవాళ్లున్నారట.

“ఈ సినిమాల్ని హైదరాబాదు వాళ్లు కొంటామన్నారండీ,” అంది సత్యవేణి. “ ఆయ్‌లన్నీ తీసేసి వేరే గొంతు పెట్టాలంట. మా మాట కామెడీగా ఉందంట.”

“మరేమన్నావమ్మా?”

“మా అత్తగారిని అడిగేనండీ. ‘నా గొంతు తీసేశాక నేనెందుకే? నా చీర దండెం మీద ఆరేసి సినిమా తీసుకో’ అన్నారండీ. ఇంక ఇవ్వలేదండీ.”

ఇన్నేళ్లుగా పుస్తకాల భాషలో నిప్పులు చెరుగుతున్నాను. ఇప్పుడు ఓపిక తగ్గింది, వినేవాళ్లూ తగ్గారు. ఆ అమ్మాయి మాత్రం తన మాట వదులుకోకుండానే తన జనాన్ని సంపాదించుకుంది. అదీ తపస్సేనని గ్రంథం మీద చెయ్యి వేసి చెబుతున్నాను.

రేపు కొత్తపేటలో నా ప్రసంగం. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడదామనుకుంటున్నాను. మీలో ఎవరైనా వస్తే, మధ్యలో ఒక్కసారి ‘ఆయ్’ అనండి, చాలు.