షెడ్డు పనికి నా భార్య చెప్పిన జవాబు

ఈ రోజు మధ్యాహ్నం ధర్మవరంలోని మా ఇంటికి ఒక మగ్గాల షెడ్డు యజమాని వచ్చాడు.

"నా షెడ్డులో నేస్తే కూలి ఎక్కువిస్తా. కానీ నాటకాలని హార్మోనియం ఎత్తుకొని ఊర్లు తిరిగేది మానల్ల. ఏమప్పా, ఇప్పుడే చెప్పు" అన్నాడు.

పిల్లల చదువు గుర్తొచ్చి, సరేనందామని నోరు తెరిచాను. అంతలో, ఆ హార్మోనియాన్ని రోజూ తిట్టే నా భార్య కండెలకు దారం చుట్టడం ఆపి, "ఆయన రాడులే అన్నా" అంది.

యజమాని విసురుగా వెళ్లిపోయాడు.

"ఎందుకట్లంటివి?" అని ఆమె మీద అరిచాను.

"నాటకం లేకుంటే నువ్వు మొగం మాడ్చుకొని కూసుంటావు. ఆ మొగం దినామూ చూడాల్సింది నేను కదా!"

ఆమె చేసింది మంచి పనేనా, మీరే చెప్పండి. నాకైతే భయమూ పోలేదు, సంతోషమూ ఆగడం లేదు.