ఇన్నాళ్లూ అనని మాట

రేపు బంద్ అంటున్నారని, మా ట్యూషన్ బోర్డు కోసం ఈ రోజే దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్లెక్సీ షాపుకి పరిగెత్తాను. అక్కడ పోచంపల్లి నుంచి వచ్చిన ఒకావిడ, తెలంగాణ ఉద్యమంలో పోయిన కొడుక్కి ఫ్లెక్సీ చేయిస్తోంది. కంప్యూటర్ నిండా ఆ అబ్బాయి నవ్వు.

"ముఖం జర తెల్లగ చెయ్యాల్నా అమ్మా?" అన్నాడు డిజైనర్.

"ఒద్దు. ఎట్లున్నడో గట్లనే ఉంచు."

"ఎంత అందంగా ఉన్నాడండీ!" అనేసి నాలిక్కరుచుకున్నాను. ఇలాంటప్పుడు అనే మాటేనా అది?

ఆవిడ నా వైపు తిరిగింది. "ఇంకోపారి అను బిడ్డా. చిన్నప్పటిసంది ఎవరన్న సక్కగున్నడంటె, దిష్టి తగుల్తదని కొట్లాడిన. నేను గూడ ఒక్కనాడు అనలే. ఇగ ఎవరి దిష్టి తగుల్తది?"

మళ్లీ అన్నాను.

చంపాపేట్‌లో ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి కొత్త చుడీదార్ వేసుకుని అద్దం ముందు తిరుగుతోంది. "ఎలా ఉన్నానమ్మా?" అంది.

మాట నోటిదాకా వచ్చింది.

"ఆ, ఏదో, బానే ఉన్నావులే" అన్నాను. అది మూతి ముడుచుకుని లోపలికెళ్లిపోయింది.

దిష్టీ గిష్టీ ఏమీ లేవని పిల్లలకి పాఠం చెప్పే సైన్సు టీచర్ని నేను. మీరైతే అనగలిగేవారా?