ఒడిలో పోసిన పిల్లులు

పిల్లికి కూడా బిచ్చం పెట్టనివాడినని మా ఆవిడ నాకు ఎప్పుడో బిరుదిచ్చింది. ఆ బిరుదు వదిలించుకునే తొందరలో ఏకంగా పిల్లులనే దానం చేసిన తెలివితక్కువవాణ్ని నేను. అవి నావైనా బాగుండేది. మా అమ్మాయివి.

జపాన్ వాళ్ళు గీసిన హాస్యపు బొమ్మల కథల పుస్తకాలవి. గొడుగులు బాగుచేసే ఒక ముసలాయన దుకాణంలో నాలుగు పిల్లులుంటాయి. దుకాణం తమదేననీ, ముసలాయన తమ జీతగాడనీ వాటి నమ్మకం. పేజీకి పక్కపక్కన మూడే బొమ్మలు, ఇంగ్లీషులో పొడిపొడి మాటలు. అమ్మాయి కాలేజీలో ఉండగా ఒక్కొక్కటే కొనుక్కుని అలమరలో పేర్చుకుంది. ఆరేళ్ళ కిందటి ఒక సెలవుల్లో ఒక పుస్తకం నా చేతిలో పెట్టి, "చదువు నాయినా, ఇద్దరం కలిసి నవ్వుకుందాం" అంది.

చదివాను. ఒక కథలో ముసలాయన చెప్పులో కాలు పెట్టి కెవ్వుమంటాడు. తర్వాతి బొమ్మలో పిల్లి ఆ చెప్పు దగ్గర చేపతో నిలబడి ఉంటుంది. చివరి బొమ్మలో అదే చేప నోట కరచుకుని, వానలో తడుస్తూ, చేపల అంగడి ముందుంటుంది. దొంగిలించిన చేపను తిరిగి ఇచ్చేస్తోందని అర్థం చేసుకున్నాను. "నవ్వొచ్చిందా?" అని అమ్మాయి అడిగితే, "నవ్వెందుకు బిడ్డా, గిండ్ల మస్తు నీతి ఉంది" అన్నాను. నన్నొకసారి చూసి పుస్తకం తీసుకుపోయింది. తర్వాత నేనే తండ్రి బాధ్యత అనుకుని సెట్టంతా చదివాను. పెదవి ఎక్కడా విచ్చుకోలేదు.

మొన్న వేసవిలో మా అక్కకు ఒడిబియ్యం పోశాం. ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, పుట్టింటివాళ్ళు పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు ఒడిలో పోసి పంపే వేడుక. అక్కకు పిల్లులంటే ప్రాణం. పీట మీదినుంచే అలమర చూసి, "అబ్బ, గా పిల్లులు ఎంత ముద్దుగున్నయిరా!" అంది. వెనకాముందూ చూడకుండా సెట్టంతా దింపి బియ్యం మీద పెట్టాను. చుట్టాలందరూ మెచ్చుకున్నారు. మా ఆవిడ కూడా.

వానాకాలం వెళ్ళేసరికి హైదరాబాదు నుంచి అమ్మాయి ఫోను. "నాయినా, కొత్త రూముల మంచి అలమర ఉంది. ఆదివారం వచ్చి నా పిల్లులను తెచ్చుకుంటా."

శుక్రవారం పొద్దున ఆరింటికి నల్లగొండ బస్టాండులో ఉన్నాను. అక్క ఉండే నారాయణపేటకు ఆ వేళకు నేరుగా బస్సు దొరకలేదు. నా వెనక వెళ్ళేవారికి మనవి: దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్ అని జపం చేసుకుంటూ బస్సులు మారాలి. ఆడవాళ్ళకు బస్సుల్లో టికెట్ లేని రోజులివి, సీట్లన్నీ వాళ్ళవే. దేవరకొండ దాకా నేను టికెట్ కొని నిలబడ్డాను.

అక్కడ మారిన బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పక్కన ఒక పెద్దమ్మ, ఒడిలో సీతాఫలాల గంప.

"ఏడికి బిడ్డా?"

"నారాయణపేట. అక్క ఇంటికి."

"ఏం కొంచవోతున్నవ్? చేతుల సంచి ఖాళీగున్నది."

"కొంచవోతలేనమ్మా. తెచ్చుకోనీకి పోతున్న."

ఆమె నన్ను కిందినుంచి మీదికి చూసింది. "ఆడబిడ్డ ఇంటికి ఖాళీ సంచి పట్టుకొని పోయేటోణ్ణి నిన్నే చూస్తున్న" అని, జాలిపడి రెండు పళ్ళు నా సంచిలో వేసింది.

కల్వకుర్తిలో ఇడ్లీ. చట్నీ కారం, చాయ తీపి. రెండూ మొహమాటం లేనివి. మహబూబ్‌నగర్ చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అక్కణ్నుంచి దేవరకద్ర, మరికల్ మీదుగా నారాయణపేట. దారంతా ఎర్ర నేల, నల్ల గుట్టలు, పత్తి చేలు. అక్కనేమని అడగాలో ఒక్కో ఊరికి ఒక్కో మాట తయారుచేసుకుని, తర్వాతి ఊళ్ళో కొట్టేసుకుంటూ పోయాను.

వాళ్ళ వీధిలోకి తిరగగానే మగ్గాల చప్పుడు. వసారాలో అక్క రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఎదురుగా కుర్చీలో బావ, చేతిలో మా పిల్లుల పుస్తకం. గట్టిగా చదివి తెలుగులో చెప్తున్నాడు. అక్క కండె ఆపి మరీ నవ్వుతోంది. చూస్తే బావ పుస్తకం వెనక అట్ట వైపు నుంచి తెరిచి ఉన్నాడు.

"బావా, ఎనకకెల్లి చదువుతున్నవే!" అన్నాను, వెక్కిరించే అవకాశం దొరికిందని.

"గిదే ముందు బామ్మర్దీ. చిన్నప్పుడు నేను ఉర్దూల చదువుకున్న కద, కుడి దిక్కు నుంచి తెరుసుడే అలవాటు. తెరిచిన, కత నడిచింది." పుస్తకం దించి నన్ను చూశాడు. "అవును, నువ్వెట్ల చదివినవ్?"

నా చెయ్యి ఎడమ వైపు అట్ట మీదికి పోయింది. అదే తప్పయింది.

"ఏమే, విన్నవా? నీ తమ్ముడు అన్ని బుక్కులు ఎనకకెల్లి చదివిండే!"

అక్క నవ్వుకు కండె చేతిలోంచి జారి మూలకు దొర్లింది.

నేను మొదటి అట్టనుకున్నదాని లోపలే, 'ఆగండి, మీరు తప్పు వైపున ఉన్నారు' అని ఇంగ్లీషులో అచ్చేసి ఉంది. ముందుమాటలు దాటేసే పాఠకుణ్ని నేను. చేప కథ తీసి కుడినుంచి చదివాను. పిల్లి వానలో తడుస్తూ పోయి చేప తెస్తుంది. ముసలాయన మీద ప్రేమతో ఆయన చెప్పులో దాచిపెడుతుంది. ఆయన కాలు పెడతాడు. ఇంకేముంది, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. నవ్వు ఆగాక నీళ్ళు మాత్రం కాసేపు ఆగలేదు. ఈ నవ్వు కోసమే కదా ఆ రోజు ఆ పిల్ల నా పక్కన నిలబడి ఎదురుచూసింది.

అన్నాల దగ్గర సంగతి చెప్పాను. అక్క ముద్ద ఉన్న చేత్తోనే నన్ను ఆపింది.

"ఒడిల పోసినయి మర్లిస్తరారా? మర్లిస్తే పుట్టింటికి మంచిది కాదు. నీ ఇల్లు సల్లగుండద్దా?"

కోపంగా అంటే వాదించేవాణ్ని. నా మేలు కోరి కాదన్నది. బావ వైపు చూశాను.

"నన్ను చూడకు. కతల బొద్దు పిల్లి ఇల్లిడిచిపోయింది. ఏడున్నదో తెల్వక మీ అక్కకు నిద్ర పడుతలేదు. నాకు గూడ. ఇంక మూడు బుక్కులున్నయి, రోజుకింత చదువుకుంటం."

సాయంత్రం చాయ తాగుదామని బజారుకు తీసుకుపోయాడు. చాయ నాకు, కథ ఊరికి. పాలాయనకు, చీరల దుకాణం సేటుకు, ఎదురొచ్చిన ప్రతివాడికీ, "మా బామ్మర్ది. బుక్కులు ఎనకకెల్లి చదువుతడు" అని పరిచయం చేశాడు. ఇల్లు చేరేలోపు ఆ వీధిలో నాకు వేరే పేరు లేకుండా పోయింది.

శనివారం ఏడింటి బస్సు ఎక్కాను. సంచిలో అక్క పెట్టిన సజ్జరొట్టెలు. జడ్చర్ల దాటాక ధైర్యం చేసి అమ్మాయికి ఫోను చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

"నా పిల్లులను అత్త ఒడిల పోసినవా?" అంది. తర్వాత, "అత్త చదువుతుందా?"

"మామ చదివి వినిపిస్తుండు. ఇద్దరూ ఒకటే నవ్వుడు."

"మరి నీకు?"

"వచ్చింది బిడ్డా. చేప కతకాడ. అప్పుడు నేను ఎనకకెల్లి చదివిన."

అమ్మాయి నవ్వింది. చిన్నగా. "నాకు ఇష్టమైనయి నీకు నచ్చవనుకున్న నాయినా. గందుకే మళ్ళ ఏదీ ఇయ్యలే." మళ్ళీ తనే, "అయితే ఆదివారం రాను తీ. జర పనుంది" అని పెట్టేసింది.

కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ప్రయాణానికి వేళలు రాసుకోవచ్చు, బస్సులు మారొచ్చు. ఆరేళ్ళ కింద దిగాల్సిన చోటు దాటిపోయాక, వెనక్కి తీసుకుపోయే బస్సు ఏ డిపోలోనూ లేదు. తప్పంతా నాదే, తెలుసు. అయినా ఎవరో ఒకరి మీద కాస్త తీర్చుకోకపోతే నల్లగొండ దాకా ఎట్లా పోవడం?

బావకు ఫోను కలిపాను.

"బావా, బొద్దు పిల్లి ఏడున్నదో చెప్పనా?"

"అరే, చెప్పకురా! నీ కాల్మొక్త!"

"ప్రతి బుక్కుకు చివరి పేజీ నేను మొట్టమొదట చదివినోణ్ణి బావా. అది ఏడికీ పోలే. దుకాణంలనే, ఎవ్వరు తెరువని పెద్ద గొడుగుల పండుకున్నది. వాన రోజు బేరమొచ్చి తెరిస్తే ముసలాయన నెత్తిమీద పడ్తది."

దూరంగా అక్క గొంతు వినిపించింది: "ఏమాయెనయ్యా? గట్లయినవ్?"

ఫోను పెట్టేసి, అక్క ఇచ్చిన రొట్టె విప్పాను.