పిన్ని చేతిలో రివాల్వర్

నందిగాం దగ్గర జీడితోటలో ఒంటరిగా ఉండే మా పిన్నికి దొంగల భయం. తక్కువ ధరలో ఎలాంటి తుపాకీ కొనాలో తేల్చడానికి, మిలిటరీలో చేసి వచ్చిన మావయ్య ఈ రోజు తన లైసెన్సు రివాల్వర్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే గొట్టం నా వైపు తిరిగింది.

"ఖాళీదేనే, బయపడకు," అన్నాడు మావయ్య. నేను మాత్రం పక్కకు జరిగిపోయాను.

అంతలో గేటు దగ్గర ఎవరో ఇద్దరు కొత్త మనుషులు. "తుపాకీ కొన్నారంట గదా, ఓపాలి సూపించండి."

పిన్ని దాన్ని చటుక్కున జీడిపిక్కల బస్తాలోకి తోసేసింది. "మా ఇంట్లో తుపాకీ ఏటి బాబూ!" అని వాళ్లను పంపించేసి, గడియ పెట్టి మావయ్య వైపు తిరిగింది.

"నన్ను ఇది కాత్తాది, సరే. దీన్ని ఎవులు కాత్తారన్నా?"

మావయ్య బస్తాలో చెయ్యి పెట్టి తన రివాల్వర్ వెతుక్కున్నాడు. మేమింకా కొననే లేదు. కొనమంటారా?