నడిమింటి దూలం

నిన్న పొద్దున మా తమ్ముడు ఫోన్‌లో ఒక ఫోటో పంపినాడు. ఉరవకొండ పక్కన చేన్లో ఉండే మా పాత ఇంట్లో నడిమింటి దూలం విరిగి, పైనున్న మన్నూ సిమెంటు పెచ్చులూ కుప్పగా పడుండాయి. ఎవురూ లేనప్పుడు కూలింది కాబట్టి సరిపోయింది. కింద రాసినాడు: ‘జేసీబీకి చెప్పినా. ఇల్లంతా కొట్టిస్తా. ఇద్దరి పేరున ఉండాది గదా, వచ్చి సంతకం పెట్టక్కా.’ చదివి ఒళ్లు మండిపోయింది నాకు.

ఆ ఇల్లు మా నాయనకు నాయన, మా జేజినాయన కట్టించింది. రెండు మూరల మందం రాతి గోడలు, వేప దూలాలు, వాన నీళ్లు దిగకుండా పైన చవుడు మన్ను పరిచిన మిద్దె. ముందు సగంలో ఎద్దులు, వెనక ఎత్తు గట్టు మీది సగంలో, అదే నడిమింట్లో, మనుషులు. అమ్మ కాపురానికి వచ్చినాక, ఎద్దుల వాసనకు అన్నం సయించడం లేదని మొండికేస్తే, నాయన వాటిని బయట కొట్టంలోకి తోలి, ఆ జాగాలో బండలు పరిచి పడసాల చేసినాడు. ఎద్దులు ఏమనుకున్నాయో గానీ, జేజినాయన మాత్రం అలిగి మూడు దినాలు కొట్టంలోనే పండుకున్నాడంట. ఇల్లన్నాక మారాల. మారకూడదని నేననను.

మిద్దె దగ్గర మాత్రం నాయన మాట మారలేదు. ఏటా వానలకు ముందు వారం దినాలు అందరమూ మిద్దెక్కి పాత చవుడు గీకి దించాల, తర్వాతే వంకలోంచి తెచ్చిన కొత్తది పోయాల. నడుములు పడిపోయేవి. ‘దూలం మాత్రం ఎంతని మోస్తాది?’ అనేవాడు. నాయన పోయినాక తమ్ముడు దించేది మానేసి, పోసేది మాత్రం పెట్టుకున్నాడు. దూలం వంగి, నడిమిల్లు కురిసింది. కురవదా మరి? సిమెంటు పోయిస్తానన్నాడు. మిద్దెలు కట్టే సాయిబు తాత వచ్చి, దూలం తడిమి చూసి, ‘అబ్బీ, ముందు మన్నంతా దించుకో. లేకుంటే ఇది నిలవదు’ అన్నాడు. వారం పని. తమ్ముడు నా మొగం చూసినాడు. నాకు అనంతపురం బస్సుకు టైమవుతాంది. ‘దాని మీదే పోయించేయప్పా, పీడ పోతాది’ అంటిని.

అవును, ఆ మాట అన్నది నేనే. వాని మీద ఎంత కోపముందో, నా మీద దానికి రెండింతలుండాది.

ఫోన్ చేస్తే, ‘పాత ఇల్లు గదక్కా, దానికి కాలం చెల్లినాది’ అన్నాడు.

‘కాలం మీదికి తోయొద్దు. మనమే చంపినాం. కూలిన నడిమిల్లు వరకు తీసేయించు. పడసాల మీద సిమెంటు పడలేదు, మన్ను దించితే ఇంకా నిలుస్తాది. దాని కాడికి జేసీబీ వస్తే అడ్డం పండుకుంటా. సంతకం పెట్టేది లేదు.’

‘ఈ వయసులో నువ్వు మిద్దెక్కుతావా?’ అన్నాడు.

‘ఎక్కుతా. ఇంట్లో పార ఉండాదా లేదా, అది చెప్పు.’

రేపు పోతాండా. మోకాళ్లు ఏమంటాయో ఆడ చూసుకుంటా. ఏడాది పొడుగునా మమ్మల్ని కాపాడి, ఆ ఇల్లు మమ్మల్ని అడిగింది ఒక్క వారం. అది కూడా లేదంటిమి.