ఎడెల్మిరా వదిన తుమ్ములు

మా వియ్యపురాలు ఎడెల్మిరా గినీపందితో దిగదుడిచేది. పొయ్యి చుట్టూ తిరిగే నల్ల గినీపందిని పట్టి, రోగికి తల నుంచి అరికాళ్ల దాకా రాసేది. రోగం దాంట్లోకి దిగిపోయేది. మా కార్వాస్ కొండల్లో ఆ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ జనం ఈవిడ వాకిట్లోనే ఎందుకు బారులు తీరేవారంటే, ఈవిడ తుమ్మేది. ఒక తుమ్మయితే జలుబు. మూడయితే జడుపు. ఏడు తుమ్మిందంటే గిట్టనివాళ్లెవరో ఏదో చేయించారన్నమాట! ముప్పై ఏళ్లుగా ఊరంతా ఆ తుమ్ములే నమ్ముకుని ఉంది.

పోయిన ఆగస్టులో పదకొండు తుమ్మి, పన్నెండోది రాక, ఊపిరాడక పడిపోయింది. కేకలు పెడుతూ ఆసుపత్రికి పరిగెత్తాను. ఎంత దెప్పుకున్నా వదినే కదా! ఊరి ఆసుపత్రి నర్సు యెనీ పరిగెత్తుకొచ్చి సూది పొడిచి బతికించింది. ఆనక రక్తం తీసి పరీక్షకని రాజధాని లీమాకి పంపింది. మూడు వారాలకి కాగితం వచ్చింది.

"పిల్లి పడుతుంది, కుందేలు పడుతుంది, ఆఖరికి ఎలుక కూడా పడుతుంది" అని చదివింది యెనీ. "గినీపంది ఒక్కటే నీ ఒంటికి పడదు. ఇంకోసారి ముట్టుకున్నావంటే పోతావత్తా."

"ఈ కాగితం అబద్ధం. ఉండు, గినీపందిని ఒళ్లంతా రాసుకుని నేనే తేల్చుకుంటా!" అంది వదిన.

"రాసుకో వదినా. శవపేటికకి కొలతలు నేను తీసుకుంటాలే" అన్నాను.

దాంతో గినీపంది ఆవిడ కూతురు నిల్దా చేతికి వచ్చింది. నిల్దా నా కోడలు. మంత్రం తల్లిదే, హస్తవాసి తల్లిదే, తుమ్మే రాదు.

"తుమ్మకపోతే రోగం పోయినట్టెలా తెలుస్తుందమ్మా?" అంటూ జనం ప్రతిఫలంగా తెచ్చిన బంగాళాదుంపలు తెచ్చినట్టే పట్టుకుపోయారు. వదిన తిండి మానేసింది.

"ఊపిరి నిలబెట్టి ఉసురు తీశారు నాది" అని ఏడ్చింది.

నాకు ఒళ్లు మండింది. "గినీపందిని ముట్టుకోవద్దన్నారు గానీ తుమ్మొద్దన్నారా? గోడవతల కూర్చుని తుమ్మి చావు!"

అప్పట్నుంచీ నిల్దా ఇవతల దిగదుడుస్తుంటే, ఆవిడ గోడవతల గడ్డిపోచతో ముక్కు కెలుక్కుని తుమ్ముతోంది. బారులు మళ్లీ మొదలయ్యాయి.

మొన్న యెనీ తన చంటిపిల్లని ఎత్తుకొచ్చింది. కుక్క మీదికొచ్చిందట, పిల్ల జడుసుకుని రెండు రోజులుగా పాలు ముట్టడం లేదు. నిల్దా దిగదుడిచింది. గోడవతల చప్పుడు లేదు. ఆ కాగితం చదివిన మనిషి ముందు దొంగతుమ్ము తుమ్మడానికి వదినకి సిగ్గేసింది.

యెనీ పిల్లని భుజాన వేసుకుంది. గోడ దగ్గరికెళ్లి గొంతు తగ్గించి అడిగింది.

"అత్తా, జడుపుకి మూడు కదూ?"