ఎర్మిన్ నర్సు మా ఇంటికొచ్చిన శనివారం

మా దీవిలో సెయింట్ ఫిలిప్ వైపు ఉబ్బసంతో పెరిగిన నా వయసువాళ్లను కదిపితే, ముందు ఎర్మిన్ గ్రీనిడ్జ్ నర్సు మాటే ఎత్తుతారు. ఆరోగ్యకేంద్రంలో ముప్పై ఏళ్లు పనిచేసింది.

నన్ను పెంచింది అమ్మమ్మ. నాకు ఏడేళ్లప్పుడు ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. జలుబనుకుని షార్క్ చేప నూనె తాగించారు. మూడుసార్లు పెద్దాసుపత్రిలో చేర్చారు. అక్కడ తగ్గేది, ఇంటికొచ్చిన వారానికి తిరగబెట్టేది.

చివరికి అమ్మమ్మ నన్ను ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్లింది. ఎర్మిన్ నర్సు నాచేత ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించింది. ఇన్‌హేలర్ పంపుతో మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదించింది. ఈసారి గొట్టం మీది ముల్లు బాగా పైకి జరిగింది.

"ఇది జలుబు కాదమ్మా, ఉబ్బసం," అంది.

"ఆ పంపు అలవాటైతే గుండె పాడవుద్దంట కదా?" అంది అమ్మమ్మ.

"ఎవరన్నారు?"

"చర్చిలో అందరూ."

"పిల్లకి ఊపిరాడనప్పుడు వాళ్లలో ఒక్కరన్నా వచ్చి కూర్చున్నారా?"

అమ్మమ్మ మూతి ముడుచుకుంది.

నర్సు ప్లాస్టిక్ కూల్‌డ్రింకు సీసా అడుగున కన్నం చేసి పంపు బిగించింది. సీసా మూతిలోంచి మెల్లగా పీల్చడం నేర్పింది. దగ్గుతో లేచిన ప్రతి పొద్దునా క్యాలెండరులో గీత పెట్టమంది, అదీ అమ్మమ్మకు కాదు, నాకే చెప్పింది.

నెల తిరిగేసరికి క్యాలెండరు నిండా గీతలే. పిన్ని ఇంట్లో పడుకున్న ఐదు రోజులే ఖాళీ. నేను తీసుకెళ్లి చూపిస్తే, ఆ శనివారం నర్సు మా ఇంటికి వచ్చింది. నేరుగా పడకగదిలోకి వెళ్లి పరుపు మీద అరచేత్తో కొట్టింది. ఎండపొడలో దుమ్ము లేచింది. అది తాతయ్య తన పెళ్లప్పుడు సొంత చేత్తో గడ్డి కూరి కుట్టిన పరుపు; అమ్మమ్మా నేనూ దానిమీదే పడుకునేవాళ్లం.

"పారెయ్యమనను. దీనిమీద మీరు పడుకోండి, వేరే గదిలో పిల్లకి మంచం వెయ్యండి," అంది నర్సు.

మర్నాడు అమ్మమ్మ చర్చికి వెళ్లకుండా పరుపు కుట్లు విప్పింది. గడ్డిని పెరడు దాటించి పారబోసింది. బట్టను ఉతికి, మడిచి, పెట్టెలో పెట్టింది.

"గడ్డిదేముందే, ఆయన కుట్టు ఉందిగా," అంది నాతో.

ఉబ్బసం పూర్తిగా పోలేదు. ఆఫ్రికా ఎడారి దుమ్ము సముద్రం దాటొచ్చి మా ఆకాశాన్ని కమ్మే నెలల్లో ఇప్పటికీ పంపు నా సంచిలోనే ఉంటుంది. కానీ ఆసుపత్రిలో మళ్లీ చేరలేదు.

నర్సు ఉద్యోగ విరమణ రోజున కొబ్బరి రొట్టెలు పంచారు. మేమంతా పెద్దవాళ్లమై వచ్చాం. ఉపన్యాసాలు మొదలయ్యేసరికి ఆమె లేదు. ఎవరో పసిపాపకు ఆయాసంగా ఉందంటే, వాళ్లింటికి వెళ్లిందట.